ఎద్దు కాళ్ల నుంచి పసిపళ్ల దాకా

ఫ్లోరైడ్ నీళ్ల మీద మన వైపు మొదటి ఆధారం డాక్టర్లు ఇచ్చింది కాదు, రైతులు ఇచ్చింది. 1930ల మొదట్లో ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీయలేకపోవడం వాళ్ల కంటబడింది. కొన్నేళ్లకు మనుషుల నడుములూ అలాగే పట్టేశాయి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బును ఇండియన్ మెడికల్ గెజెట్‌కు ఎక్కించారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే.

అప్పటికే 1931లో అమెరికాలో గారపళ్లకు నీటిలోని ఫ్లోరైడే కారణమని తేలింది. 1932లో కోపెన్‌హాగన్‌లో ఫ్లోరైడ్ ఉన్న క్రయోలైట్ ఖనిజం దుమ్ము పీల్చిన కార్మికుల ఎక్స్‌రేల్లో ఎముకలు చిక్కబడి కనిపించాయి. అమెరికా గారపళ్లు, కోపెన్‌హాగన్ కార్మికులు, మన పల్లెలు: వేర్వేరు దారుల్లో వచ్చిన ఆధారాలు ఒకే మాట చెప్పాయి.

ఆధారాలకు మెట్లు కట్టడం చాలా తర్వాతి సంగతి. 1948 నాటి క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ ప్రయోగంతో చీటీలు తీసినట్టు రోగులను విడదీసి పోల్చే పద్ధతికి పేరొచ్చింది. 1979లో కెనడా నిపుణుల బృందం దాన్ని పై మెట్టున కూర్చోబెట్టింది. మందు పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అది సరైన చోటే. కానీ ఫ్లోరైడ్ నీళ్లు చెడ్డవో కావో తేల్చడానికి పసిపిల్లలకు అవి తాగించి చూస్తామా? ఇక్కడ పై మెట్టు ఆధారం కావాలని పట్టుబట్టడం అన్యాయం. 1965లో గణాంక శాస్త్రవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ చెప్పిన కొలతలు, అంటే మోతాదు పెరిగేకొద్దీ హాని పెరుగుతోందా, వేర్వేరు చోట్ల అదే కనబడుతోందా అన్నవి, ఈ ప్రశ్నకు చాలు.

ఇక మన గిద్దలూరు సంగతి. అది 1970 దాకా నెల్లూరులో కాదు, కర్నూలు జిల్లాలో ఉండేది. కాబట్టి నెల్లూరు నివేదిక చదివి ఇక్కడి బోరు మీద తీర్పు చెప్పలేం. రాయిని బట్టి, లోతును బట్టి పక్కపక్క బోర్ల నీళ్లే తేడాగా ఉంటాయి. పరీక్ష కిట్‌లో ఎర్రటి చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ నీళ్లు పసుపుకు తిరుగుతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దగ్గర అనుమానముంటే ల్యాబుకు పంపాల్సిందే.

రేపు వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా కృష్ణా నీళ్లు ఊళ్లకు చేరితే ఎంత మేలు జరిగిందో కూడా తేల్చాలి. వంగిన ఎముకలు అది చెప్పలేవు, అవి తిరిగి చక్కబడవు. పిల్లల పళ్లు చెప్పగలవు: దాదాపు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు శాశ్వత దంతాల పింగాణీ ఇంకా తయారవుతుంటుంది, నీళ్లు మారితే ఆ తేడా వాటిలో కనబడుతుంది. అందుకే నీళ్లు రాకముందే బడుల్లో పిల్లల పళ్లు చూసి రాసిపెట్టాలి. ఆ లెక్క ఇప్పుడు తీయకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ మిగలదు.