మన్రో చూసిన తోరణం, కార్నార్వాన్‌ని కుట్టిన దోమ

చిన్నప్పుడు వేసవి సెలవులకి గుత్తి దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళేవాణ్ణి. ఒకసారి అక్కడ టీవీలో 'ది మమ్మీ' సినిమా వచ్చింది, 1999 నాటి బ్రెండన్ ఫ్రేజర్ సినిమా. నేను కళ్ళార్పకుండా చూస్తుంటే అవ్వ పక్కన కూచుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు. ఓ పది నిమిషాలు చూసి, "లంకెబిందెలకి భూతం కాపలా ఉంటాదని తెలిసి తెలిసీ తవ్వుతారేమిరా వీళ్ళు?" అని లేచి వెళ్ళిపోయింది. మూడు ముక్కల్లో కథంతా చెప్పేసింది :)

ఆ మాట ఈమధ్య మళ్ళీ గుర్తొచ్చింది. ఎందుకో చివర్లో చెప్తా. ముందు ఈ మమ్మీ శాపం సంగతేంటో చూద్దాం.

1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ అనే ఆయన ఈజిప్టులో టుటంఖామున్ సమాధి కనిపెట్టాడు. తవ్వకాలకి డబ్బు పెట్టింది లార్డ్ కార్నార్వాన్. 1923 ఫిబ్రవరిలో లోపలి గది తెరిచారు. ఏప్రిల్ 5న కార్నార్వాన్ కైరోలో పోయాడు. కారణం చాలా మామూలుది. దోమ కుట్టిన చోట గడ్డం గీసుకుంటుంటే తెగింది, అది చీము పట్టి రక్తం విషమైంది, తర్వాత న్యుమోనియా. అంతకుముందే ఓ కారు ప్రమాదం వల్ల మనిషి ఆరోగ్యం అంతంతమాత్రం. అప్పటికి పెన్సిలిన్ ఇంకా లేదు.

మరి శాపం ఎక్కణ్ణుంచి వచ్చింది? సమాధి వార్తల హక్కులన్నీ కార్నార్వాన్ లండన్ 'టైమ్స్' పత్రికకి అమ్మేశాడు. మిగతా పత్రికల విలేకరులు ఎండలో బయట నిలబడాల్సి వచ్చింది. రాయడానికి ఏమీ లేదు, కానీ రోజూ ఏదో ఒకటి రాయాలి. సరిగ్గా అప్పుడే డబ్బు పెట్టినాయన పోయాడు. ఇంకేం కావాలి? షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డాయిల్ కూడా ఏవో అదృశ్య శక్తుల పని అయ్యుండొచ్చని సెలవిచ్చాడు. 1932లో బోరిస్ కార్లాఫ్‌తో 'ది మమ్మీ' సినిమా వచ్చింది. దానికి స్క్రీన్‌ప్లే రాసిన జాన్ బాల్డర్‌స్టన్ ఆ సమాధి వార్తలు రాసిన విలేకరుల్లో ఒకడే! అంటే పేపర్లో పుట్టిన శాపం నేరుగా తెరకెక్కిందన్న మాట.

మన ఆఫీసుల్లో కూడా ఓ శాపం ఉంది కదా: శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేస్తే సర్వర్ పడిపోతుంది. పడిపోయిన శుక్రవారాలు మనకి పేరుపేరునా గుర్తుంటాయి. పడని శుక్రవారాలు ఎవరూ లెక్కపెట్టరు. 2002లో మార్క్ నెల్సన్ అనే పరిశోధకుడు ఆ పడని శుక్రవారాలు కూడా లెక్కపెట్టాడు. ఆ రోజుల్లో ఈజిప్టులో ఉన్న 44 మంది పాశ్చాత్యుల వివరాలు తీసుకుని, సమాధి తెరిచినప్పుడు, శవపేటికలు తెరిచినప్పుడు ఉన్న 25 మందిని మిగతా వాళ్ళతో పోల్చాడు. లోపల ఉన్నవాళ్ళు సగటున 70 ఏళ్ళు బతికారు. శాపానికీ ఆయుష్షుకీ లెక్క ప్రకారం సంబంధం తేలలేదు. అసలు ముద్దాయి కార్టర్ 1939 దాకా ఉన్నాడు. తండ్రితో పాటు సమాధిలోకి వెళ్ళిన కార్నార్వాన్ కూతురు ఈవ్లిన్ 1980 దాకా!

ఇంతవరకు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాకు ఆశ్చర్యం అనిపించిందేంటంటే, ఇదే కథ ఇంతకు దాదాపు వందేళ్ళ ముందు మా సీమలోనే నడిచింది. కాకపోతే వేరే రకంగా.

1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాల్ని కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలు అంటారే, అవి. అక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. అనంతపురంలో మకాం పెట్టి ఏడేళ్ళు ఊరూరా తిరిగి రైత్వారీ పద్ధతి స్థిరపరిచాడు. పన్ను వసూలు చేసే దొరే, సందేహం లేదు. అయినా జనం ఆయన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో ఇంగ్లండు వెళ్ళిపోయే ముందు పాత జిల్లాలు ఒకసారి చూసుకుందామని బయల్దేరి, జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తి కోట కింద పూడ్చిపెట్టి, 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు.

ఇక్కడ కథ మొదలవుతుంది. కడప జిల్లాలో పాపఘ్ని నది రెండు కొండల మధ్య నుంచి వచ్చే చోటు గండి. లంక నుంచి తిరిగొచ్చే రాముడి కోసం వాయుదేవుడు ఆ రెండు కొండలకీ బంగారు తోరణం కట్టాడట. అది ఇప్పటికీ ఉంటుందట గానీ, మంచి మనసున్నవాళ్ళకి మాత్రమే, అదీ చావు దగ్గరపడ్డప్పుడే కనిపిస్తుందట. మన్రో అటు పోతూ తలెత్తి, "ఆ కొండల మధ్య బంగారు తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడట. పక్కనున్న వాళ్ళకి ఏమీ కనిపించలేదు. దొర పోయే కాలం వచ్చిందని వాళ్ళకి అర్థమైపోయిందట. కొద్దికాలానికే ఆయన పోయాడు.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ పరాయి దేశపు దొరలే. ఇద్దరినీ చంపింది కంటికి కనిపించని క్రిమే. రెండు చోట్లా మనిషి పోయాకే కథ అల్లారు. ప్రొడక్షన్‌లో ఏదన్నా కూలిపోయి, లాగ్‌లో ఏమీ దొరక్కపోతే మనమూ ఇంతే కదా, ఏదో ఒక కారణం రాసి టికెట్ క్లోజ్ చేస్తాం. కానీ లండన్ వాళ్ళ కథలో చచ్చినవాడు తప్పు చేసినవాడు, శిక్ష పడింది. గండి కథలో పోయినవాడు మంచివాడు కాబట్టే తోరణం కనిపించింది. ఒకటి పేపర్ అమ్ముకోవడానికి పుట్టింది, ఇంకోటి మనిషి పోయిన బాధలోంచి పుట్టింది.

1827లో కలరా ఎందుకొస్తుందో లోకంలో ఎవరికీ తెలీదు. కలుషితమైన నీళ్ళ వల్ల వస్తుందని లండన్‌లో జాన్ స్నో చూపించింది 1854లో. ఆ క్రిమిని పట్టుకోవడానికి రాబర్ట్ కోచ్ 1883లో మొదట వెళ్ళింది ఎక్కడికో తెలుసా? ఈజిప్టుకే! 1884లో కలకత్తాలో పని పూర్తి చేశాడు. మన్రోని చంపిందేంటో తెలుసుకునే దారి కూడా మమ్మీల దేశం మీదుగానే పోయింది. సినిమా మాత్రం ఎవరూ తీయలేదు.

ఇప్పుడు అవ్వ మాట ఎందుకు గుర్తొచ్చిందో చెప్తా. మొన్న ఊరికి పోయినప్పుడు గుట్ట మీది పాత గుడికి వెళ్ళా. గర్భగుడి ముందు నడుముల్లోతు గుంత. నందిని పెకలించి పక్కకి దొర్లించారు. "ఎవురో రేత్రిపూట వచ్చి తవ్వినారు నాయనా, నిధి ఉందంట" అంది అవ్వ.

భూతం కాపలా ఉందన్న కథ గుడిని కాపాడుతుందని అనుకునేవాణ్ణి. కానే కాదు. కాపలా ఉందంటే లోపల ఏదో ఉన్నట్టే కదా! తవ్వేవాడికి ఆ శాపమే అడ్రసు. భూతాన్ని శాంతింపజేయాలంటే బలి ఇవ్వాలన్నది ఆ కథలోనే ఇంకో లైను. 2019 జులైలో అప్పటి అనంతపురం జిల్లా తనకల్లు మండలం కొర్తికోటలో శివాలయం దగ్గర ముగ్గురిని గొంతు కోసి చంపారు. గుప్తనిధుల కోసమే ఇదంతా అన్న అనుమానం అప్పటి వార్తల్లో వచ్చింది. వానలు పడని నేల మీద, అప్పుల్లో మునిగినవాడికి లంకెబిందెల కథ చెప్పేవాడు ఎంత ప్రమాదమో ఆలోచించండి.

గండి తోరణం కథ నాకిష్టమే, అది ఎవరి గొంతూ కొయ్యమనదు. కథని జ్ఞాపకంగా దాచుకుంటే నష్టం లేదు, ఇన్‌స్ట్రక్షన్‌గా రన్ చేస్తేనే ప్రాణాలు పోతాయి.

అన్నట్టు, మన్రో జ్ఞాపకార్థం పత్తికొండలో ఏం చేశారో తెలుసా? చెట్లు నాటించి, బావి తవ్వించారు. మా కరువు సీమలో ఏదన్నా తవ్వదగ్గది ఉందంటే అదొక్కటే. నేనీ మాట అంటే అవ్వ నవ్వి, "బావిలో నీళ్ళు పడితే అవే కదరా లంకెబిందెలు" అంది.