మద్యం మానిన మూడోనాడు

1995 జనవరి 16న మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రగిలించిన సారా వ్యతిరేకోద్యమానికి అది ఫలం. ఆ విజయానికి నేనూ సంతోషించాను. కాని ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానివేస్తే ఏమవుతుందో ఆనాడు ఆలోచించినవారు తక్కువ.

ఆ రోజుల్లోనే విశాఖ రేవు కళాసీ ఒకాయనను మా వద్దకు తీసుకువచ్చారు. మానిన మూడోనాటి రాత్రి ఒళ్లంతా వణుకు, చెమటలు; గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు. గాలి సోకిందనుకొని ఇంటివారు తాయెత్తు కట్టించారు. మూర్ఛ వచ్చిన తరువాత గాని ఆసుపత్రి గుర్తుకు రాలేదు. అదృష్టవశాత్తు ఆయన బతికారు.

ఈ వ్యాధి కొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలో మదాత్యయానికి ఒక అధ్యాయమే ఉంది. మితంగా, విధిపూర్వకంగా మద్యాన్నే ఔషధంగా ఇవ్వడం అందులోని ఒక పద్ధతి. 1813లో ఆంగ్ల వైద్యుడు థామస్ సట్టన్ ఈ సన్నిపాతానికి ‘డెలీరియం ట్రెమెన్స్’ అని పేరు పెట్టి, రక్తం తీయడం కన్నా నల్లమందు మేలన్నాడు. అయితే అసలు కారణం మద్యం ఆగిపోవడమేనని, పోషకాహార లోపం ఒక్కటే కాదని 1955లో ఇస్‌బెల్ బృందం అమెరికాలో ప్రయోగపూర్వకంగా నిరూపించింది. 1969లో అక్కడే 537 మంది రోగులపై జరిగిన పరిశీలనలో మూర్ఛలు, సన్నిపాతం క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇచ్చినవారిలో అతి తక్కువగా కనిపించాయి. థయామిన్ ఒక్కటే ఇస్తే ఆ రక్షణ లభించలేదు. అయినా మెదడును కాపాడడానికి థయామిన్ తప్పనిసరి.

మరి యోగం, ఆక్యుపంక్చర్ మాటేమిటి? 1970లలో న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రిలో చెవికి సూదులు గుచ్చే పద్ధతి ప్రాచుర్యం పొందింది. మూర్ఛను, సన్నిపాతాన్ని అది ఆపగలదనడానికి తగిన ఆధారం లేదు. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 2006లో 60 మంది మద్యవ్యసనపరులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. సుదర్శనక్రియ నేర్చినవారిలో దిగులు మరింత తగ్గిందని తేలింది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది: ఆ సాధన మొదలైనది వారం రోజుల నిర్విషీకరణ చికిత్స ముగిసిన తరువాతనే.

ఈ చరిత్ర చెప్పే పాఠం ఆ క్రమమే. వణుకు కొన్ని గంటలలోనే మొదలవుతుంది. మూర్ఛలు సాధారణంగా మొదటి రెండు రోజుల్లో, సన్నిపాతం రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తాయి. ఆ గండం గడిచేవరకు రోగి వైద్యుని పర్యవేక్షణలో ఉండాలి. కషాయం, తాయెత్తు, ఇంట్లోనే కొలిచి పోసే మద్యం దానికి ప్రత్యామ్నాయాలు కావు. ఆ తరువాత ప్రాణాయామం, ధ్యానం, 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి సంఘాల తోడు నిస్సంకోచంగా స్వీకరించవచ్చు.

మీ ఇంట ఎవరైనా మానదలిస్తే అభినందించండి. మానే రోజుకు ముందే వైద్యుని సంప్రదించండి.