సామాజిక ఒడంబడిక సిద్ధాంతం

రాజ్యం దేవుడు ఇచ్చినదీ కాదు, బలవంతుడు గెలుచుకున్నదీ కాదు, మనుషులు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం నుంచి పుట్టిందని చెప్పే రాజనీతి సిద్ధాంతమిది. 17, 18 శతాబ్దాల్లో థామస్ హాబ్స్, జాన్ లాక్, రూసో దీనికి పూర్తి రూపమిచ్చారు. హక్కు ముందా, రాజ్యం ముందా అన్న ప్రశ్నే దీని చరిత్రకు వెన్నెముక.

పూర్వరంగం

బౌద్ధుల దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తం ప్రకారం, వరిపొలాలను పంచుకొని హద్దులు పెట్టుకున్నాకే లోకంలో దొంగతనం, అబద్ధం, దండన మొదలయ్యాయి. అప్పుడు జనం తమలో ఒకరిని ఎన్నుకొని, తప్పు చేసినవారిని దండించే పని అప్పగించి, అందుకు వడ్లలో వాటా ఇచ్చారు. అందరూ సమ్మతించినవాడు కనుక అతడు మహాసమ్మతుడు. మహాభారతం శాంతిపర్వంలోనూ ఇలాంటి కథ ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగే మాత్స్యన్యాయానికి తాళలేక ప్రజలు మనువును రాజుగా కోరుకొని, పశువుల్లో, బంగారంలో 50వ వంతు, ధాన్యంలో 10వ వంతు ఇస్తామంటారు.

ఐరోపా రాజులు మాత్రం తమ అధికారం దైవదత్తమని చాటుకున్నారు. తర్వాత ఇంగ్లండుకూ రాజైన స్కాట్లండు రాజు జేమ్స్ 1598లో ఆ వాదాన్ని సమర్థిస్తూ స్వయంగా పుస్తకం రాశాడు.

ముగ్గురు తాత్వికులు

ఇంగ్లండు అంతర్యుద్ధంలో 1649లో మొదటి చార్లెస్ రాజు తల తెగింది. ఆ రక్తపాతం నేపథ్యంలో హాబ్స్ 1651లో ‘లెవయతాన్’ ప్రచురించాడు. రాజ్యం లేనిచోట ప్రతివాడికీ ప్రతివాడూ శత్రువేనని, ఆ భయంతోనే జనం తమ హక్కులను సార్వభౌముడికి ధారపోశారని అతని వాదం. అయినా ప్రాణం కాపాడుకునే హక్కును ఎవరూ వదులుకోలేరని ఒప్పుకున్నాడు.

లాక్ ఆ ఒక్క హక్కుతో ఆగలేదు. ఇంగ్లండులో 1688లో జరిగిన విప్లవం తర్వాత వెలువడిన అతని రచనల్లో ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి రాజ్యానికి ముందే ఉన్న సహజ హక్కులు. వాటి రక్షణకే ప్రభుత్వం. ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తే దాన్ని తొలగించే అధికారం ప్రజలదే.

రూసో 1762లో ‘సోషల్ కాంట్రాక్ట్’ వెలువరించాడు. సార్వభౌమాధికారం రాజుకు అప్పగించేది కాదని, అది ఎప్పటికీ ప్రజల సామూహికేచ్ఛదేనని అందులో ప్రకటించాడు. అతను పుట్టిన జెనీవా నగరమే ఆ పుస్తకాన్ని తగలబెట్టించింది.

విమర్శలు

రాజ్యాలు చాలావరకు ఆక్రమణతోనే ఏర్పడ్డాయని, ఒడంబడికకు చారిత్రక ఆధారం లేదని డేవిడ్ హ్యూమ్ 1748లో ఎత్తిచూపాడు. దేశంలో నివసించడమే సమ్మతి అనడం, నిద్రలో ఓడ ఎక్కించిన మనిషి అందులో ఉన్నాడు కాబట్టి కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నాడనడం లాంటిదన్నాడు. చట్టం లేనిదే హక్కు లేదని బెంథామ్ సహజ హక్కులను తోసిపుచ్చాడు. ఈ ఒడంబడికలో స్త్రీలకు చోటెక్కడని కరోల్ పేట్‌మన్ 1988లో, నల్లజాతివారికి చోటెక్కడని చార్లెస్ మిల్స్ 1997లో నిలదీశారు. స్వేచ్ఛను సహజ హక్కన్న లాక్‌కు బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో పెట్టుబడి ఉండేది.

ప్రభావం

1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో లాక్ భావాలు, 1789 ఫ్రెంచి హక్కుల ప్రకటనలో రూసో భావాలు కనిపిస్తాయి. 1971లో జాన్ రాల్స్ ఒడంబడికను జరిగిన సంఘటనగా కాక, న్యాయాన్ని తూచే ఊహాప్రయోగంగా మలిచాడు.

భారతదేశంలో హక్కు ముందా, రాజ్యం ముందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఎమర్జెన్సీలో నిర్బంధానికి గురైనవారు జీవించే హక్కు పేరుతో కోర్టుకు వెళ్లలేరని 1976లో అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తీర్పిచ్చారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. 2017 పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం ఆ తీర్పును కొట్టివేసింది. ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం దయతో వచ్చినవి కావని, మనిషితోనే పుట్టినవని ఆ తీర్పులో ప్రధాన అభిప్రాయం స్పష్టం చేసింది. ఒడంబడిక నిజంగా జరిగినా జరగకపోయినా, అధికారం ప్రజలకు జవాబు చెప్పాలన్న మాటకు బలం, హక్కు రాజ్యం కన్నా ముందుదన్న ఈ ఆలోచన నుంచే వస్తోంది.