వాలుగ పేరు ఎవరి ఖాతాలోది?

శారద ఏటి వాలుగ చేప మరెక్కడా పుట్టదని మా వీధి అరుగుల మీద చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఊరి మీద అభిమానంతో అన్న మాటే గానీ నిజం కాదు. గోదావరిలో ఉంది, గంగలో ఉంది, పాకిస్తాన్ నుంచి వియత్నాం దాకా ఉంది. అయితే లోకం దాన్ని పిలిచే పేరు మాత్రం మన వైపుదే. గొప్ప చెప్పుకోవాలంటే అది చెప్పుకోవాలి.

రక్తపింజరకు ఇంగ్లీషులో ఎవరి పేరుందో ఆ స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలూ వివరాలూ 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. చాలా చేపలకు ఇక్కడి జనం పిలిచే పేర్లే పెట్టాడాయన. వాలుగ అందులో ఒకటి. 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ ప్రజాతికి ‘వల్లాగో’ అని పేరు పెట్టాడు. అది మన వాలుగే.

పుస్తకం పేరులో కోరమాండల్ తీరం ఉంది కదా అని, విశాఖ చరిత్ర రాసేవాళ్లు దాన్ని సముద్రం ఖాతాలో వేసేస్తారు. నా పేచీ అక్కడే. వాలుగ ఏటి చేప. పొలుసు లేని నున్నటి ఒళ్లు, కన్ను దాటి చీలిన నోరు, రెండు జతల మీసాలు, తోక దాకా సాగిన కింది రెక్క. పగలంతా మడుగులో నక్కి, రాత్రి వేటకు లేస్తుంది. అలల్లో వల వేస్తే పడే రకం కాదు. ఏ ఏటి ఒడ్డునో, ఏ చెరువు గట్టునో పుట్టిన మాట అది. ఆ ఏరు శారదేనని పట్టుబట్టను గానీ, బీచి గొప్పంటే మాత్రం ఒప్పుకోను.

పేరుతో సరిపెట్టుకోలేదు పట్నం. దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయం కట్టాక శారద నీళ్లూ కాలువ పట్టుకుని విశాఖ వెళ్తున్నాయి. ఆ నీరు పూర్తిగా సాగుకే ఇవ్వాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. చేప తరఫున అడిగినవారు లేరు. ఏట్లోకి ఇసుక ట్రాక్టర్లు దిగాయి. ఏరు అడుగంటితే మడుగు లేదు, మడుగు లేకపోతే వాలుగ లేదు. అంతర్జాతీయ ఎర్రజాబితాలో అదిప్పుడు ముప్పున్న జాతి.

2022లో మనం అనకాపల్లి జిల్లావాళ్లం అయ్యాం. కొత్త జిల్లా చరిత్ర రాసే పెద్దలకు ఒక్క మనవి: వాలుగను ఏటి ఖాతాలో రాయండి. అంతకంటే ముందు, వేసవిలో నీరు నిలిచే మడుగుల దగ్గర ఇసుక తియ్యొద్దని పంచాయతీల్లో తీర్మానం రాయించండి.