కూర్చునే బల్లకూ చరిత్ర ఉంది

బస్టాండులోనో పార్కులోనో కనిపించే బల్లకూ చరిత్ర ఉంది. దక్షిణాఫ్రికాలో 1953లో వచ్చిన ఒక చట్టం, అందరూ వాడుకునే చోట్లను జాతిని బట్టి విడదీయవచ్చంది. ఆ విడి ఏర్పాట్లు సమానంగా ఉండనక్కర్లేదని కూడా చెప్పింది. ‘తెల్లజాతివారికి మాత్రమే’ అని బల్లల మీదే రాశారు. 1860 నుంచి మద్రాసు ఓడలెక్కి నాటల్ చెరకుతోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి కూడా ఆ బల్లలకు దూరంగా నిలబడినవారే. 1990లో చట్టం రద్దయింది.

రాత ఉంటే కనీసం చదివి ఎదిరించవచ్చు. తర్వాత వచ్చిన పద్ధతిలో రాతే లేదు. లండన్‌లో కామ్డెన్ కౌన్సిల్ కోసం 2012లో చేసిన కాంక్రీటు బల్ల పైభాగమంతా ఏటవాలు. కూర్చోవచ్చు, పడుకోలేం. 2014లో అదే నగరంలో ఒక అపార్టుమెంటు గుమ్మం పక్కన, ఇల్లులేనివారు పడుకోకుండా మేకులు దించారు. జనం గొడవ చేశాక తీసేశారు.

మా దగ్గరి పట్నం బస్టాండులో పొడవాటి సిమెంటు అరుగులుండేవి. సంతకు దిగిన మన ఆడవాళ్లు చివరి బస్సు తప్పితే మూట తలకింద పెట్టుకుని అక్కడే తెల్లవార్చేవారు. బాగుచేసినప్పుడు అరుగులు కొట్టేసి ఇనుప కుర్చీలు వేశారు, సీటుకూ సీటుకూ మధ్య ఒక కడ్డీ. పగతో చేశారని మేము అనం. ప్లాను గీసినవారికి మనం గుర్తు రాలేదు, అంతే (అదే ఎక్కువ బాధ). మొన్న హాస్టల్లో పిల్లల్ని దింపి వెళ్లిన ఇద్దరు తల్లులు, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా, రాత్రంతా కింద బండల మీదే పడుకున్నారు.