బోరియలోపెల్టా

బోరియలోపెల్టా సుమారు 11 కోట్ల ఏళ్ళ కిందట, క్రెటేషియస్ యుగపు తొలి భాగంలో, ఇప్పటి కెనడా పశ్చిమ ప్రాంతంలో బతికిన శాకాహార డైనోసార్. పొడవు దాదాపు అయిదున్నర మీటర్లు, బరువు 1,300 కిలోలు. నోడోసార్ల కుటుంబానికి చెందింది కనుక ఆంకిలోసారస్‌కు ఉన్నట్టు దీని తోక చివర గద లేదు. రక్షణ అంతా ఒంటి మీది కవచమే.

2011 మార్చి 21న అల్బెర్టా రాష్ట్రంలో, ఫోర్ట్ మెక్‌ముర్రేకు ఉత్తరాన సన్‌కోర్ వారి మిలీనియం గనిలో, తవ్వే యంత్రానికి వింత రాయి తగిలింది. ఆపరేటరు పని ఆపాడు. అతను ఆపి ఉండకపోతే ఈ వ్యాసమే లేదు. ఆ గనిలోని రాతి పొరలు ఒకప్పటి సముద్రపు అడుగు. అందుకే రాయల్ టిరెల్ మ్యూజియం నిపుణులు ఏ సముద్ర సరీసృపమో దొరికిందనుకుని వచ్చారు. చూస్తే నేల మీద నడిచే జంతువు! పైకి ఎత్తుతుండగా ఆ బండ తన బరువుకే విరిగింది. రాతిని కొద్దికొద్దిగా ఒలవడానికి మ్యూజియం నిపుణుడు మార్క్ మిచెల్‌కు సుమారు 7,000 గంటలు పట్టింది. 2017లో పెట్టిన పూర్తి పేరు బోరియలోపెల్టా మార్క్‌మిచెలై. మొదటి మాటకు 'ఉత్తరాది డాలు' అని అర్థం. రెండోది ఆయన ఓపికకు దక్కిన గౌరవం.

చనిపోయిన జంతువు చర్మం కుళ్ళగానే కవచపు బిళ్ళలు చెల్లాచెదురవుతాయి. ఏది ఎక్కడిదో ఊహించుకోవాల్సిందే. ఇక్కడ ఆ బెడద లేదు. ముక్కు నుంచి నడుము దాకా ప్రతి బిళ్ళా బతికున్నప్పటి చోటే ఉంది, మధ్యలో పొలుసుల చర్మంతో సహా. భుజాల మీది పొడవాటి కొమ్ములకు, మన గోళ్ళలో ఉండే కెరటిన్ తొడుగు కూడా మిగిలింది.

చర్మంలోని రసాయనాలను బట్టి వీపు ఎరుపు కలిసిన గోధుమ రంగనీ, పొట్ట వైపు లేతరంగనీ పరిశోధకులు తేల్చారు. జింకకు ఉన్నట్టు, కంటపడకుండా దాక్కునే రంగు ఇది. ఏనుగుకూ ఖడ్గమృగానికీ ఆ అవసరం లేదు. టన్నుకు పైగా బరువూ కవచమూ ఉన్న ఈ జీవికి ఉందంటే, దాన్ని వేటాడిన మాంసాహారులు ఎంతటివో ఊహించవచ్చు.

కడుపులోని చివరి మేతను 2020లో వివరించారు. ఆకులు 88 శాతం, కాడలూ పుల్లలూ 7 శాతం. ఆకుల్లో ఎక్కువ భాగం ఫెర్న్‌లే. చుట్టూ ఉన్న సూదాకు చెట్ల జోలికి పెద్దగా పోలేదు. మేతను నలగ్గొట్టే గులకరాళ్ళతో పాటు బొగ్గు తునకలూ దొరికాయి. కార్చిచ్చు తర్వాత మొలిచిన లేత ఫెర్న్‌లను వెతుక్కుని తిన్నదన్నమాట. కాలిన గడ్డి నేల మీద వచ్చే చిగురు కోసం మందలు ఎగబడటం మన కాపరులకు కొత్త కాదు.

ఫెర్న్‌ల సిద్ధబీజ కోశాలను, పుల్లల వలయాలను బట్టి అది చనిపోయింది వసంతం చివరికీ వేసవి మధ్యకీ నడుమ అని లెక్కకట్టారు. కళేబరం సముద్రంలోకి కొట్టుకుపోయి, వెల్లకిలా మునిగి, వీపు ఆనించి బురదలో దిగబడింది.