విజయనగరంలో టెన్నిసు నేల



మా విజయనగర రాజకుమారుడు విజ్జీని (1905–1965) లోకం 1936లో ఇంగ్లండుకు వెళ్ళిన భారత క్రికెట్ జట్టు నాయకుడిగానే స్మరిస్తుంది. ఆయన టెన్నిసులోనూ నేర్పరి. అయినా ఆ ఆట చాలాకాలం జమీందారీ బంగళాల, దొరల క్లబ్బుల ప్రహరీలు దాటలేదు.

స్థలాభావమా కారణం? కాదు. టెన్నిసు కోర్టు 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు. మా పిల్లలు బడి ఆవరణలో సున్నంతో గీసుకొనే బాల్ బ్యాడ్మింటన్ కోర్టు సుమారు 80కి 40. అయితే అక్కడ ఉన్నిబంతి నేల తాకితే ఆట ఆగుతుంది. ఇక్కడ బంతి నేల తాకి లేవాలి. కనుక నేల గట్టిగా, చదునుగా ఉండాలి. వానాకాలం వెళ్ళగానే రోలరు తిరగాలి.

ఒకసారి ఒక శిష్యుడు ఎవరో ఇచ్చిన పాత రాకెట్టుతో మా బడి మైదానంలో ప్రయత్నించి, "బంతి లెగట్లేదండి మాస్టారూ!" అన్నాడు. నా వద్ద సమాధానం లేకపోయింది. వాడు మళ్ళీ ఆ రాకెట్టు తేలేదు.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. వాటితోపాటే నేలను కనిపెట్టుకొని ఉండే పనివారూ పోయారు. ఆ పని ఎవరిదో తేలనిచోట కోర్టు కట్టినా నిలవదు. మంచి కోర్టును వెదికేవారు బోర్డును కాదు, వాన వెలిసిన మర్నాడు వెళ్ళి నేలను చూడాలి.